రుమైథియాలో అరవై నాలుగు చెట్లు

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మొట్టమొదట అడిగిన మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎలా పోయాడు, ఎప్పుడు పోయాడు అని మనుషులు అడిగే మాటలేవీ నా నోటికి రాలేదు. "కొండ కాగితం వచ్చిందా?" అన్నాను.

ఫోన్ చేసింది ఆయన తమ్ముడి కొడుకు.

"రాలేదు చిన్నాయనా. మొన్న సోమవారం గూడా ఆఫీసు కాడికి పోయినాడు. సారు మీటింగులో ఉండాడంటే, ఉండనీలే, నాకేమన్నా తొందరుండాదా అని మెట్ల మీద కూచున్నాడంట. సాయంత్రం గేటు మూసేటోళ్లు లేపి పంపినారు" అన్నాడు.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా గల్ఫ్ రోడ్ల మీద బండి తోలి కరుకుదేరిన వాణ్ని. రాయచోటిలో మా ఇంట్లో ఫోన్ పట్టుకుని పసివాడిలా ఏడుస్తుంటే మా ఇంటావిడ బెదిరిపోయి పక్కింటివాళ్లను పిలిచింది. ఎవరు పోయారని వాళ్లు అడిగితే నాకు చెప్పడం చేతకాలేదు. ఆయన నాకు బంధువు కాడు, మా ఊరివాడు కాడు, మా మతంవాడూ కాడు. స్నేహితుడు అందామంటే, పరిచయమైన మొదటి ఏడాది ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

కువైట్‌లో రుమైథియా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో నేను డ్రైవర్ని. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటాం. రెండిళ్ల అవతల ఆయన తోటమాలి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పాలకొండల అంచున ఒక ఊరు ఆయనది. డ్రైవర్లమంటే మాకు ఆ రోజుల్లో కొంచెం టెక్కు ఉండేది, ఒప్పుకుంటాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏసీ కారులో తిరిగే నాకు, మోకాళ్ల దాకా బురదతో తిరిగే ఆయన చెప్పేదేమిటి అనిపించేది. కానీ ఆయన చెప్పేవాడు. ఒక పొద్దున పైపు పెట్టి కారు కడుగుతుంటే గోడ పక్కన నిలబడ్డాడు.

"అబ్బీ, ఆ నీళ్లు ఇట్ల మళ్లిస్తే బయట చెట్టు తాగుతాది గదా."

"మా కఫీల్ నీళ్లు, మా కఫీల్ కారు. నీకేం నొప్పి?" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు నేను లేచి వచ్చేసరికి గోడ కింద చిన్న కాలువ తీసి ఉంది. కారు కడిగిన నీళ్లన్నీ నా అనుమతి లేకుండానే వీధి చెట్టు మొదట్లోకి పోతున్నాయి. పూడ్చేశాను. మళ్లీ తవ్వాడు. నాలుగుసార్లు పూడ్చి, విసుగొచ్చి ఊరుకున్నాను. ఆయనతో ఎవరు పోటీ పడినా చివరికి జరిగేది అదే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. దేన్నయినా బొటనవేలి గోరుతో గీరి చూసేవాడు. కొమ్మ ఎండిందా, ఇంకా ప్రాణం ఉందా అని తెలుసుకోవడానికి బెరడు గీరి లోపల పచ్చదనం చూడటం తోటమాలులకు మామూలే. ఈయన మాత్రం మాట్లాడుతున్నంతసేపూ కుర్చీ చేతినీ, నా కారు తలుపునీ కూడా గీరేవాడు. పెయింటు పోతుందని నేను చెయ్యి పట్టుకుని పక్కకు పెడితే, కాసేపటికి ఆ చెయ్యి మళ్లీ అక్కడే ఉండేది.

కువైట్‌లో అడుగుపెట్టిన మూడో రోజుకే అందరి నోటికీ పట్టే మాట 'ఖలాస్'. పని అయిపోతే ఖలాస్, ఉద్యోగం పోతే ఖలాస్, అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం గడువు తీరితే ఖలాస్. ఆయన మాత్రం ఆ మాట అనేవాడు కాడు. ఎవరైనా అంటే ముఖం చిట్లించి, "అయిపోయిందని నువ్వెట్ల చెప్తావు? మిగతాది యాడుండాదో చూసినావా?" అనేవాడు. ఆయన ఎప్పుడూ మిగతా దాని గురించే అడిగేవాడు. ఆయన భార్య రాయించిన ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ని. మూడు మేకలు ఈనాయని చదివితే, సంతోషపడేది పోయి, "మిగతావి?" అనేవాడు. ఉత్తరంలో లేదంటే, నేనే ఆ మేకల సంగతి దాచినట్టు నా వైపు చూసేవాడు.

తొంభైవ సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఎండలకు మా ఇద్దరి కఫీల్‌ల కుటుంబాలు విదేశాలకు వెళ్లి ఉన్నాయి. ఇంటి తాళాలు మా చేతుల్లో, మా పాస్‌పోర్టులు వాళ్ల బీరువాల్లో. రెండు వారాలు గడిచేసరికి ఫర్వానియా అనే పేటలో ఇరుకు గదుల్లో ఉన్న మన జిల్లావాళ్లకు సరుకులు దొరకడం మానేశాయి. తెలిసినవాళ్లు ఒకరొకరుగా మా దగ్గరికి చేరారు. మా కఫీల్ అతిథుల కోసం కట్టుకున్న దివానియాలో, తివాచీలు చుట్టి పక్కన పెట్టి, నలభై మందిమి పడుకునేవాళ్లం. బియ్యం మూటలు ఇంట్లో ఉన్నాయి. ఒక ఇంట్లో వంటమనిషిగా చేసే ఖాసింబీ పెద్ద దేగిశా పెట్టి అందరికీ ఒకే వంట మొదలుపెట్టింది. వారం తిరక్కముందే గ్యాస్ సిలిండర్లు అయిపోయాయి. ఆ పెద్ద దేగిశాకు కరెంటు పొయ్యి చాలదు. పెరట్లో రాళ్లు పెట్టి కట్టెల పొయ్యి వెలిగించాం.

మొదట పాత పెట్టెలు, విరిగిన కుర్చీలు కాల్చాం. తర్వాత అందరి కళ్లూ ఇళ్ల వెనక ఖాళీ స్థలం మీద పడ్డాయి. అక్కడి మునిసిపాలిటీని బలదియా అంటారు. ఆ బలదియా ఎప్పుడో నాటిన చెట్లు అందులో ఉన్నాయి. మన రేగుకు పెద్దన్న లాంటి సిద్ర్ చెట్లు, చూడ్డానికి సరుగుడులా ఉండే అథల్ చెట్లు, కొన్ని ఖర్జూరాలు. ఒకాయన గొడ్డలి వెతికి తెచ్చాడు. అప్పటిదాకా మూల కూర్చున్న మా తోటమాలి పెద్దాయన లేచి, "ఆగండప్పా, ముందు లెక్కబెట్టనీండి" అని వెళ్లాడు. మేకల్ని దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెట్టినట్టు ఒక్కో చెట్టునీ అరచేత్తో తడుతూ ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాడు. అరవై నాలుగు.

"పచ్చిదాని మీద గొడ్డలి పెట్టొద్దు" అన్నాడు వచ్చి. "ఎండిన కొమ్మలు, రాలిన మట్టలు చాలు. జాగర్తగా ఏరుకుంటే మనల్ను ఇండియాకు పంపిచ్చే దాకా వస్తాయి. నరికితే పదైదు దినాలు గూడా రావు."

అందరం ఒక్కసారిగా మీద పడ్డాం, అందులో నా గొంతే పెద్దది. "అవి మన చెట్లా? కువైటోళ్ల చెట్లు. రేపు ఇరాకోడు వచ్చి నరుక్కుపోతాడు. వాడు కొట్టే లోపల మనం కొడితే తప్పేముంది?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, కోపం లేకుండానే చెప్పాడు.

"మా కొండకు గూడా ఈ మాటే జెప్పినాం అబ్బీ. మా ఊర్లో చెరువు నీళ్లకు వంతు ఉన్నట్టే కొండకూ వంతు ఉండె. ఈ పొద్దు కట్టెలు తెచ్చుకున్న ఇల్లు రేపు కొండ కాయాల. కాసేదానికి వేరే మనిషి ల్యా. కొట్టినోడే కాయాల. మా తాతల కాలం నుంచీ అంతే. ఒక దినం జీపులో వచ్చి కొండ చుట్టూరా తెల్ల రాళ్లు పాతినారు. ఇది సర్కారు అడివి, ఎక్కితే కేసు అన్నారు. ఒక గార్డును పెట్టినారు, అన్ని ఊర్లకూ వాడొగడే. మనది కాదన్నాంక వంతు ఎవురు కాస్తారు? ఎవుడో కొట్టుకోని పోయేలోపల మనమే కొడదాం అన్నారు. గొడ్డలెత్తుకోని ముందు పోయినోన్ని నేనే. మూడేండ్లల్ల తునికి, చండ్ర, ఏమీ మిగల్ల్యా. మేకలకు మేత ల్యా, పొయ్యిలోకి పుల్ల ల్యా. దాంతోనే ఈడికొచ్చి పడినా. సర్కారు పాతింది రాళ్లే. కొండను గుండు చేసింది మేము."

అయితే ఒకాయన, బలమైన మనిషి ఒకణ్ని చెట్లకు కాపలా పెడదామన్నాడు. "గార్డును పెట్టినాంక మా కొండ మిగిలిందా?" అన్నాడు ఆయన. ఆ రోజు నుంచి సాయంత్రం అన్నాలయ్యాక ఆయన గుమ్మంలో నిలబడి మర్నాడు కట్టెలు తెచ్చేదెవరో, చెట్లు కాసేదెవరో పేర్లు పిలిచేవాడు. ఈ రోజు కట్టెలు తెచ్చినవాడే రేపు కాపలా. నలభై మందిలో ఎవరికీ మినహాయింపు లేదు, ఖాసింబీకి కూడా. ఆమె కాపలా రోజున దేగిశా దగ్గర ఆయనే కూర్చుని, ఉప్పు లేని అన్నం వండిపెట్టాడు. ఆ ముద్ద మింగలేక మేం పడ్డ పాట్లు చూసి, ఇంకోసారి తన వంతు రాకుండా ఉంటే బాగుండునని ఖాసింబీ నవ్వింది.

నా వంతు పదో రోజున వచ్చింది. ఎండ నెత్తిన పగులుతోంది. దగ్గర్లో ఎండు కట్టె అప్పటికే ఏరేశారు, అవతలి గోడ దాకా వెళ్లి వెతకాలి. నాకు తిక్క రేగింది. ఒక తోటమాలి పేరు పిలిస్తే డ్రైవర్ని నేను పుల్లలేరుకోవడమా అని దారి పొడవునా గొణుక్కున్నాను. ఎదురుగా ఉన్న సిద్ర్ చెట్టు కొమ్మ, తొడంత లావుది, పచ్చిది, నరికి ముక్కలు చేసి తెచ్చి పొయ్యి పక్కన పడేశాను. ఖాసింబీ చూసింది. "ఇది పచ్చిది గదన్నా" అంది. "మండుతాది పెట్టు" అన్నాను.

మండలేదు. పొగ వచ్చింది. పెరట్లోంచి లేచిన తెల్లటి పొగ పేటంతా కనబడేట్టు నిలువుగా పైకి పోయింది. అప్పటిదాకా ఎండు పుల్లలతో పొగ రాకుండా వండుకున్నాం కాబట్టి, ఈ ఇంట్లో మనుషులున్నారని సైనికులు పసిగట్టలేదు. అరగంటలో జీపు వచ్చింది. అయిదుగురు దిగి మమ్మల్ని గోడకు వరుసగా నిలబెట్టారు. ఒకడు నా గుండెకు తుపాకి ఆనించాడు. ఎవర్నీ ఏమీ చెయ్యలేదు గానీ, మూడు బియ్యం మూటలు జీపులో వేసుకుపోయారు. అవి నలభై మందికి వారం తిండి.

వాళ్లు వెళ్లాక మావాళ్లు నన్ను చుట్టుముట్టారు. బయటికి నెట్టేద్దామన్నారు, చెయ్యి కూడా చేసుకోబోయారు. నేనూ తప్పు చేశానని అనలేదు. గొంతు పెంచి ఎదురు తిరిగాను. పెద్దాయన నేను తెచ్చిన కట్టె ఒకటి తీసి, అలవాటుగా గోరుతో బెరడు గీరి, లోపలి పచ్చదనం చూసి కింద పెట్టాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"రేపటినుంచి వారం దినాలు కాపలా ఈయబ్బిది."

"దొంగ చేతికి తాళాలిస్తావా?" అన్నాడు ఎవరో.

"మావూర్లో అంతే. తప్పు జేసినోడు వారం కాయాల. వాడు జూసినట్ల ఇంకెవురూ చూడరు" అన్నాడు ఆయన.

నన్ను బయటికి పంపి ఉంటే నా పొగరు నాతోనే వచ్చేది. ఆ వారం అలా కాదు. మొదటి రెండు రోజులు ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. మూడో రోజుకు ఏ చెట్టు నీడ ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలిసింది. నేను నరికిన కొమ్మ దగ్గర బంక కారి గట్టిపడింది. నాలుగో రోజున మావాడే ఒకడు పచ్చి ఖర్జూరం మట్ట లాగుతుంటే నాకొచ్చిన కోపం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఎవడి సొమ్మనుకున్నావు అని అరిచాను. ఎవరి సొమ్మో నాకూ తెలియదు.

ఆరో రోజున సైనికుల లారీ వచ్చి స్థలం పక్కన ఆగింది. రంపం పట్టుకుని దిగారు. నేను పరిగెత్తి పెద్దాయనకు చెప్పాను. ఆయన వచ్చాడు. నా అరబ్బీ ఆయనకంటే మెరుగు కాబట్టి మాటలు నా చేత అనిపించాడు. కందకాల మీద పైకప్పుకు దుంగలు కావాలని వాళ్ల హవాల్దారు అన్నాడు.

"ఎన్ని గావాలో అడుగు" అన్నాడు పెద్దాయన.

"అడిగేదేంది, పొమ్మని చెప్తా" అన్నాను.

"చెప్తే పోతారా? ఎన్ని గావాలో అడుగు" అన్నాడు మళ్లీ.

అడిగాను. హవాల్దారు నవ్వి, కొంచెం ఆలోచించి, ఏడు అన్నాడు. "ఆ ఏడు నేను చూపిస్తానని చెప్పు" అన్నాడు పెద్దాయన. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చాడు. సిద్ర్ చెట్లన్నీ దాటేసి, దూరం దూరంగా ఉన్న ఏడు అథల్ చెట్లకు మోకాలి ఎత్తున గీత గీశాడు. గీతకు పైన కొయ్యమని, కింద తాకొద్దని సైగలతో చెప్పాడు. మొదలు ఉంటే అథల్ మళ్లీ చిగురు వేస్తుందట. కుర్ర సైనికుడొకడు బస్రా వైపు రైతు బిడ్డ అయి ఉంటాడు, ఆ మాట వినగానే తలూపి రంపం సరిగ్గా గీత మీద పెట్టాడు. ఏడు కోసుకుని లారీ వెళ్లిపోయింది. మొదళ్ల మీద పెద్దాయన తడిమట్టి మెత్తాడు.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. "నేను ఒక కొమ్మ కొడితే వారం శిక్ష వేస్తివి. నువ్వేమో చేత్తో గీతలు గీసి ఏడు చెట్లు అప్పజెప్పినావు" అన్నాను.

ఆయన మట్టి చేతులు చూసుకుంటూ అన్నాడు. "అవును, నేనే ఇచ్చినా. ఎవురన్నా అడిగితే నా పేరు జెప్పు. పోట్లాడింటే వాండ్లు ఎన్ని కొడతాండ్రో మనకు ఎరికుండదు. ఇప్పుడు యాభై ఏడు ఉండాయని ఎరికే గదా." మాట నిబ్బరంగానే ఉంది. కానీ ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఖాసింబీ రెండుసార్లు కంచం పెట్టి రెండుసార్లూ తీసేసింది. ఆయన మీద నాకున్న మంట ఆ కంచం చూసినప్పుడు చల్లారింది. అంతకుముందే చల్లారి ఉండాల్సింది.

సెప్టెంబరు చివర్లో మా పేర్లు బస్సుల జాబితాలో వచ్చాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సులో, అక్కడి నుంచి విమానంలో. బస్సు పొద్దున పదింటికి. తొమ్మిదింటికి ఆయన సంచీ లేకుండా నా దగ్గరికి వచ్చి, "అరబ్బీ మాట్లాడేదానికి రా" అన్నాడు. స్థలానికి ఎదురుగా ఉన్న ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇంట్లో ఒక కువైటీ ముసలావిడ పనిమనిషితో కలిసి ఉండిపోయిందని మాకు తెలుసు. ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఈవిడ అందరికీ పెద్ద మామా. చాలాసేపటికి తలుపు సందు తెరిచింది.

"మేం పోతాండాం, ఈ చెట్లు నువ్వు కాయాల అని చెప్పు" అన్నాడు పెద్దాయన.

చెప్పాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మండిపడింది. "అవి నావి కావు, బలదియావి. ఎవరడిగారు మిమ్మల్ని కాయమని?"

"బలదియా ఇప్పుడు యాడుండాదమ్మా? మీ తలుపు తీస్తే కనబడే చెట్లు ఇవి. ఇంగెవుర్ని అడగాల నేను?"

"ముసలిదాన్ని. సైనికులొస్తే నేనేం ఆపగలను?"

"ఆపొద్దు. ఎన్ని ఉండాయో ఎరికుంటే చాలు. యాభై ఏడు. తగ్గితే ఎవురు కొట్టినారో తెలుసుకోవాల."

ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. వీధిలో బస్సు హారన్ మోగుతోంది. నేను చెయ్యి పట్టి లాగుతున్నా ఆయన కదలడం లేదు.

"నాకే కట్టెలు కావాల్సి వస్తే?" అందావిడ.

"ఎండింది ఏరుకో. ఎండింది లేకుంటే, ప్రాణం మీదికొస్తే, పచ్చిది కొట్టుకో. ఎన్ని కొట్టినావో మాత్రం అడిగినోళ్లకు దాచకుండా చెప్పాల."

"యాభై ఏడు" అందావిడ, ఆయన్ని వదిలించుకోవడానికే కావచ్చు. ఆయన ఆ మాట మళ్లీ అనిపించి, అప్పుడు బస్సెక్కాడు. ఆలస్యమైందని డ్రైవరు తిట్టాడు. ఆయన పట్టించుకోలేదు.

ఊరు చేరాక ఆయన చేసిందంతా నేను దూరం నుంచి విన్నదే. గుండుగా ఉన్న కొండకే మళ్లీ వంతులు వేయించాడు. కాయడానికి ఏముందని నవ్వినవాళ్లకు, మొదళ్లున్నాయి కదా అన్నాడట. మొదట నాలుగిళ్లు, తర్వాత ఊరంతా. సర్కారు రాళ్లు సర్కారు రాళ్లుగానే ఉన్నాయి, ఆయన మీద రెండు కేసులూ పడ్డాయి, కొండ మాత్రం పచ్చబడింది. చాలా ఏళ్లకు అడవి మీద ఊళ్లకు హక్కు ఇచ్చే చట్టం వస్తే, ఆ కొండ కాగితం కోసం ఊరందరి పేరా అర్జీ పెట్టాడు. మూడు తరాలుగా అక్కడే ఉన్నట్టు రుజువు తెమ్మన్నారు. మా తాతల చేత సంతకాలు పెట్టించుకోవడం మర్చిపోయినాం సారూ, కొండెక్కి చూడండి, అదే సంతకం అన్నాడట. ఆ సారు ఎక్కలేదు. ఆ తర్వాత వచ్చిన సారూ ఎక్కలేదు. ఆయన మాత్రం అర్జీ నకలు పట్టుకుని ఆ మెట్ల మీద కూర్చోవడం తను చనిపోయిన వారం దాకా మానలేదు. కాగితం రాకముందే కాసినవాళ్లు, రాలేదని మానలేదు. ఇప్పుడూ కాస్తున్నారని ఆ పిల్లాడు ఫోన్‌లో చెప్పాడు.

యుద్ధం అయ్యాక, తొంభై రెండులో నేను మళ్లీ కువైట్ వెళ్లాను. ఈసారి పక్క పేట సల్వాలో ఒక ఇంట్లో డ్రైవర్ని. మొదటి శుక్రవారమే రుమైథియా వెళ్లి చెట్లు లెక్కపెట్టాను, ఆయనలాగే తట్టుకుంటూ. ముప్పై ఎనిమిది. అంత యుద్ధం జరిగి, నూనె బావులు తగలబడి, కరెంటు లేని చలికాలం గడిచాక ముప్పై ఎనిమిది నిలిచాయంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేక ఆ రోజే ఆయనకు ఉత్తరం రాశాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

నెలకు జవాబు వచ్చింది, ఎవరి చేతో రాయించింది. క్షేమ సమాచారం ఒక్క ముక్క లేదు. "ముప్పై ఎనిమిది అని రాసినావు. మిగతావి ఏమైనాయి? పందొమ్మిది ఎవురు కొట్టినారో అడిగినావా?"

నిజమే, అడగలేదు. ఉత్తరం చదివి నాలుగు రోజులు ఆయన మీద విసుక్కున్నాను. అయిదో రోజు శుక్రవారం. వెళ్లి పెద్ద మామా తలుపు తట్టాను. ఈసారి తలుపు పూర్తిగా తెరిచింది. బాగా వంగిపోయింది. నేనెవరో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇన్నాళ్లు పట్టిందా అడగడానికి?" అంది.

ఆవిడే చెప్పింది. కరెంటు పోయిన ఆ చలికాలం ఇంటి కింద సర్దాబ్ అనే నేలమాళిగలో పదకొండు మంది బంధువుల్ని దాచింది. అందులో పాలు తాగే బిడ్డలు ఇద్దరు. ఎండు కట్టె అయిపోయింది. తనూ పనిమనిషీ కలిసి ఒక్కొక్క అథల్ చెట్టే కొట్టారు, పెద్దాయన కోయించినట్టే మోకాలి ఎత్తున మొదలు వదిలి. "పందొమ్మిది. అన్నీ నేనే. ఇంకెవర్నీ ఒక్కటి కూడా కొట్టనివ్వలేదు. ఇద్దరు వస్తే అరిచి పంపించాను. మీ ముసలాయనకు రాయి" అంది. ఆవిడ గొంతులో క్షమాపణ లేదు, ఎవరూ అడగలేదు కూడా.

రాశాను. ఆయన జవాబు ముందుదానికంటే చిన్నది. "కొట్టినామె దాచకుండా చెప్పింది. మంచిది. మొదళ్లకు నీళ్లు పొయ్యాల. ఇద్దరూ వంతు ఏసుకోండి."

ఆ మాటలు అరబ్బీలో ఆవిడకు చదివి వినిపించాను. జీవితంలో తన గ్లాసులో నీళ్లు తను వంచుకుని ఎరగని మనిషి. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడకుండా అడిగింది.

"నీకు సెలవు ఎప్పుడు?"

"శుక్రవారం, మామా."

"శుక్రవారం నీది. మిగతా ఆరు రోజులూ నావి" అంది.

తర్వాతి శుక్రవారం సల్వా నుంచి బకెట్ తీసుకుని వెళ్లేసరికి మొదళ్ల చుట్టూ మట్టి తడిగానే ఉంది. ఇంకెందుకులే అని బకెట్ పక్కన పెట్టి నిలబడ్డాను. కిటికీలోంచి ఆవిడ గొంతు వినబడింది.

"అది నిన్నటి తడి. నీ వంతు నువ్వు పొయ్యి."